భాష నేర్పే గేమ్ యాప్‌లు: విశాఖలో ఎవరికి ఏది, ఎంతవరకు?

ద్వారకానగర్‌లో ఏ సందులోకి తిరిగినా జర్మన్ ఏ1, బీ1 అని ఒక బోర్డు కనిపిస్తుంది (ఇవి భాష స్థాయిల పేర్లు, ఏ1 మొదటి మెట్టు). దాని పై అంతస్తులో స్పోకెన్ ఇంగ్లీష్ అని ఇంకోటి. నర్సింగ్ పూర్తిచేసి జర్మనీ వెళ్దామనుకునేవాళ్ళు, రుషికొండ ఐటీ ఆఫీసుల్లో జపాన్ ప్రాజెక్టు మీద పడినవాళ్ళు, గాజువాకలో దుకాణం పెట్టుకుని నేవీ, స్టీల్ ప్లాంట్ కుటుంబాలతో రోజూ హిందీలో నెట్టుకొచ్చేవాళ్ళు, ఎవరి అవసరం వాళ్ళది. ఫోన్‌లోకి ముందుగా దిగేది మాత్రం దాదాపు అందరికీ ఒకే రకం: పాయింట్లు, స్ట్రీకులు, లీగులు ఉన్న గేమ్ యాప్. డబ్బు కట్టక్కర్లేదు, సరదాగా ఉంటుంది, 900కే బస్సులో నిలబడి కూడా ఒక పాఠం చేసుకోవచ్చు.

ఒకటి రెండు నెలలయ్యాక సందేహాలు మొదలవుతాయి. ఇదొక్కటే సరిపోతుందా? ఇంకో యాప్ మేలా? కోచింగ్‌కి వేలకు వేలు కట్టాలా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనిషిని రోజూ భాష ముందు కూర్చోబెట్టడంలో ఈ యాప్‌లను మించినవి లేవు. ఆ ఒక్క గుణానికే వాటిని గౌరవించాలి. అయితే ఆట గెలవడానికి చేసే పని ఒకటి, ఎదుటి మనిషితో మాట్లాడటానికి చేసే పని ఇంకొకటి. ఈ రెండింటి మధ్య దూరం మీ అవసరంలో ఎంతుందో తేలితే, ఏది ఎంచుకోవాలో చాలావరకు తేలిపోతుంది.

## ఏం చూసి ఎంచుకోవాలి

గుర్తుపట్టిస్తోందా, పలికిస్తోందా? అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇదే. స్క్రీన్ మీద "నేను నీళ్ళు తాగుతాను" అన్న అర్థం వచ్చే ఇంగ్లీష్ వాక్యం ఉంటుంది. కింద ఆరు జర్మన్ పదాలు పలకల్లా పేర్చి ఉంటాయి. ఇష్, ట్రింకె, వాసర్ అని మూడు నొక్కితే టింగుమని శబ్దం, పచ్చరంగు. ఇందులో ఒక్క పదాన్ని కూడా మీ బుర్రలోంచి బయటికి లాగలేదు. కళ్ళముందున్నవాటిలోంచి ఏరారు. అదే వాక్యాన్ని పలకలు తీసేసి ఖాళీ పెట్టెలో టైపు చేయమంటే చాలామంది ఆగిపోతారు. చూసి పోల్చుకోవడానికి, చూడకుండా తెచ్చుకోవడానికి మధ్య పెద్ద అగాధం ఉంది. రెండోది కష్టం కాబట్టి ఆట దాన్ని తక్కువగా అడుగుతుంది. మరీ కష్టపెడితే జనం యాప్ మూసేస్తారు మరి. ఏ యాప్ చూసినా ఒక పాఠంలో ఎన్నిసార్లు మీ చేత సొంతంగా రాయించింది, పలికించింది లెక్కపెట్టండి. రేటింగ్ నక్షత్రాలకన్నా ఈ లెక్కే ఎక్కువ చెబుతుంది.

ఏ భాష మీదుగా నేర్పుతోంది? డ్యూలింగోలో తెలుగు నుంచి ఇంగ్లీష్ నేర్చుకునే కోర్సు ఉంది. 2025లో జర్మన్, జపనీస్, ఫ్రెంచ్ లాంటివి కూడా తెలుగు మీదుగా మొదలుపెట్టారు. హిందీ కావాలన్నా, చాలావరకు ఇతర యాప్‌లకి వెళ్ళినా మాత్రం మనం ఇంగ్లీష్ మీదుగా వెళ్ళాల్సిందే. ఇంగ్లీష్ గట్టిగా ఉన్నవాళ్ళకి ఇది పట్టదు. తెలుగు మీడియంలో చదివిన పిల్ల ఇంగ్లీష్ మీదుగా జర్మన్ నేర్చుకుంటే మాత్రం, జర్మన్ వాక్యం పూర్తిగా అర్థమైనా, ఇంగ్లీష్ జవాబులో "ఏ", "ద" తారుమారై తప్పు పడే సందర్భాలు వస్తాయి. రాని భాషకి కాదు, సగం వచ్చిన భాషకి మార్కులు పోతాయి. ఆ నిరాశతోనే తనకి భాషలు అబ్బవని వదిలేసేవాళ్ళున్నారు. అది ఎంత మాత్రం నిజం కాదు.

దేనికి బహుమతి ఇస్తోంది? స్ట్రీక్ అంటే వరసగా ఎన్ని రోజులు వచ్చారన్నది. రాత్రి పదకొండున్నరకి స్ట్రీక్ పోతుందని నోటిఫికేషన్ వస్తే మనం ఏ పాఠం తెరుస్తాం? అన్నిటికన్నా తేలికైనది. లీగులో, అంటే వారంవారం జరిగే పాయింట్ల పోటీలో ఉన్నవాళ్ళు వారం చివర పాయింట్ల కోసం పాత పాఠాలే తిరగేస్తారు. మనిషి తెలివైనవాడు, దేనికి బహుమతి ఉంటే దాన్నే పెంచుకుంటాడు. పాయింట్లు పెరిగిన వారంలో భాష కూడా పెరిగిందో లేదో వేరుగా చూసుకోవాల్సిందే.

మీరు రాసే పరీక్ష ఏ రూపంలో ఉంటుంది? దీన్ని చాలామంది చివర్లో చూస్తారు, మొదట్లో చూడాలి. జర్మన్ సంస్థ గోథె ఇన్‌స్టిట్యూట్ పెట్టే ఏ1 పరీక్షలో వినడం, చదవడంతో పాటు రాయడం, మాట్లాడటం కూడా ఉంటాయి. బీ1కి వచ్చేసరికి ఆ నాలుగూ విడివిడి భాగాలు, ఒక్కోదాంట్లో నూటికి 60 రావాలి. జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో మొదటి మెట్టు ఎన్5 నుంచి పై మెట్టు ఎన్1 దాకా అన్నీ ఆప్షన్లలోంచి గుర్తించే ప్రశ్నలే. మాట్లాడే భాగం లేదు, రాసే భాగం లేదు. అంటే ఒకే గేమ్ యాప్ ఒక పరీక్షకి సగం కూడా తయారుచేయదు, ఇంకోదానికి మొదటి మెట్టు వరకు బాగానే సాయపడుతుంది.

## ఎదురెదురుగా పెడితే

| మార్గం | రోజూ కూర్చోబెట్టడం | సొంతంగా రాయించడం, పలికించడం | వ్యాకరణ వివరణ | ఖర్చు |
|---|---|---|---|---|
| డ్యూలింగో | చాలా బాగా | తక్కువ | పైపైన | ఉచితం, యాడ్స్‌తో. సబ్‌స్క్రిప్షన్ ఉంది |
| మెమ్‌రైజ్, డ్రాప్స్ | బాగా | తక్కువ | దాదాపు లేదు | కొంత ఉచితం |
| బుసూ, లింగోడీర్ | ఒక మోస్తరు | మధ్యస్థం | బాగుంటుంది | కొంత ఉచితం, మిగతాది చందా |
| అంకీ | మీ పట్టుదలే | కార్డు ఎలా రాసుకుంటే అలా | ఉండదు | ఆండ్రాయిడ్‌లో, కంప్యూటర్‌లో ఉచితం. ఐఫోన్‌లో కొనాలి |
| హలోటాక్ | మనిషి దొరికితే | చాలా ఎక్కువ | ఉండదు | చాలావరకు ఉచితం |
| క్లాసు | ఫీజు కట్టాం కనక | మాస్టారిని బట్టి | ఉంటుంది | అన్నిటికన్నా ఎక్కువ |

## డ్యూలింగో

లూయిస్ వాన్ ఆన్, సెవెరిన్ హాకర్ కలిసి అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పెట్టిన కంపెనీ ఇది. 2012లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. వాన్ ఆన్ పుట్టింది గ్వాటెమాలాలో. ఇంగ్లీష్ నేర్చుకోవడానికి డబ్బుండాలి, ఇంగ్లీష్ వస్తేనే డబ్బొస్తుంది అన్న చిక్కు తన దేశంలో చూసి ఉచితంగా నేర్పాలనుకున్నానని ఆయన చెబుతుంటారు. ఈ చిక్కు మనకీ కొత్తేం కాదు.

దీని అసలు బలం మొదటి రెండు మూడు నెలలు. లిపి నేర్చుకోవడానికి ఆట పద్ధతికి సాటి లేదు. జపనీస్ హిరాగానాలో 46 మూల అక్షరాలు. క, కి, కు అని పలుకుకో అక్షరం ఉండే పద్ధతి గుణింతాలు చదివిన మనకి చప్పున పడుతుంది. చూడు, నొక్కు, విను అనే వ్యాయామం అక్షరాలకి సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అక్షరాలతో పనే గుర్తుపట్టడం. కొరియన్ లిపికీ ఇదే మాట.

తర్వాత బలహీనతలు బయటపడతాయి. జర్మన్‌లో బల్ల పుంలింగం, దీపం స్త్రీలింగం, పుస్తకం నపుంసకం. తెలుగులో వస్తువులన్నీ "అది"యే కాబట్టి ఈ లెక్క మనకి బొత్తిగా అలవాటు లేదు. యాప్ ఉదాహరణలు గుప్పిస్తుంది, వాటిలోంచి నియమం మనమే ఊహించుకోవాలి. చిన్నపిల్లలకి అది చెల్లుతుంది. పాతికేళ్ళ మనిషికి ఎవరైనా పది నిమిషాలు బోర్డు మీద రాసి చెబితే నెల రోజుల ఊహాగానం తప్పుతుంది.

ఉచ్చారణ సంగతి ఇంకా ముఖ్యం. మైకులో చెప్పమన్నప్పుడు యాప్ ఉదారంగా ఒప్పేసుకుంటుంది. మనకి పదం చివర "ఉ" తగిలించే అలవాటు ఉంది: బస్సు, కారు, బుక్కు. అదే నోటితో జర్మన్ పదాలకీ తగిలిస్తాం. మాస్టారైతే అక్కడే ఆపి మళ్ళీ అనిపిస్తాడు. యాప్ పచ్చరంగు చూపించి ముందుకెళ్ళిపోతుంది. జపనీస్‌లో పదాలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి ఆ భాషలో ఈ ఇబ్బంది తక్కువ.

ఉచితంగా వాడేవాళ్ళు ఇంకోటి తెలుసుకోవాలి. ఇదివరకు ఐదు హార్ట్స్ ఉండేవి, తప్పు చేసినప్పుడల్లా ఒకటి పోయేది. 2025లో వాటి స్థానంలో ఎనర్జీ పద్ధతి తేవడం మొదలుపెట్టారు. ఇందులో సరైన జవాబులకి కూడా ఎనర్జీ ఖర్చవుతుంది. ఆదివారం కూర్చుని గంటసేపు చేద్దామనుకునేవాళ్ళకి ఇది అడ్డు. రోజుకి పదిహేను నిమిషాలు చేసేవాళ్ళని పెద్దగా బాధించదు.

అమెరికా చదువుల కోసం చూసే పిల్లలు, తల్లిదండ్రులు ఒక విషయం కలపకండి: డ్యూలింగో ఇంగ్లీష్ టెస్ట్ వేరు, ఈ యాప్ వేరు. ఆ టెస్టుకి డబ్బు కట్టి ఇంట్లోంచే రాయాలి, స్కోరు 10 నుంచి 160 వరకు. యాప్‌లో స్ట్రీక్ ఎంత పొడవున్నా ఆ స్కోరుకి లెక్క కాదు. ఏ యూనివర్సిటీ ఆ స్కోరు తీసుకుంటుందో వాళ్ళ అడ్మిషన్ పేజీలోనే చూసుకోవాలి.

## మెమ్‌రైజ్, డ్రాప్స్

ఈ రెండూ పదాల యాప్‌లు. మెమ్‌రైజ్‌లో ఆ భాష మాట్లాడేవాళ్ళు వీధిలో నిలబడి పలికే చిన్న వీడియోలుంటాయి, రకరకాల గొంతులు చెవికి పడతాయి. డ్రాప్స్‌లో బొమ్మలు చూసి పదాలు జతచేయడమే, ఉచితంగా రోజుకి ఐదు నిమిషాలు. వేరే ఏదైనా చేస్తూ పక్కన పెట్టుకోవడానికి బాగుంటాయి. వీటినొక్కటే నమ్ముకుంటే పదాలుంటాయి, వాక్యం ఉండదు.

## బుసూ, లింగోడీర్

ఆట తక్కువ, పాఠం ఎక్కువ. బుసూలో నాకు నచ్చేది ఒకటుంది: పాఠం చివర నాలుగు వాక్యాలు రాయమంటుంది, లేదా చెప్పమంటుంది. అవి ఆ భాష మాతృభాషగా ఉన్నవాళ్ళకి వెళ్తాయి, వాళ్ళు దిద్ది పంపుతారు. మనం రాసిన వాక్యాన్ని ఒక మనిషి చదివి, ఇక్కడ క్రియ చివరికి వెళ్ళాలి అని చెప్పడం పాయింట్లకి అందని మేలు. హిందీ మాత్రం ఇందులో లేదు.

జపనీస్, కొరియన్, చైనీస్ కోసం వచ్చేవాళ్ళకి లింగోడీర్ మేలు. ప్రతి పాఠానికి ముందు వ్యాకరణం రాసి ఉంటుంది. ఇక్కడ తెలుగువాళ్ళకి ఒక పెద్ద కలిసొచ్చే విషయం ఉంది, యాప్‌లేవీ దాన్ని చెప్పవు. జపనీస్‌లో "వతాషి వా మిజు ఓ నోమిమస్" అంటే వరసగా నేను, నీళ్ళు, తాగుతాను. క్రియ చివరే. మనం విభక్తిని పదం వెనక పెట్టినట్టే వాళ్ళూ పదం వెనకే పెడతారు. ఇంగ్లీష్ మీదుగా వెళ్తే ఈ వాక్యాన్ని ఒకసారి తిరగేసి మళ్ళీ తిరగేయాలి. కాబట్టి జపనీస్ నేర్చుకునేటప్పుడు పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని అర్థం తెలుగులోనే రాసుకోండి. జర్మన్‌లోనూ కొన్నిచోట్ల ఇది పనిచేస్తుంది: "వైల్ ఇష్ క్రాంక్ బిన్" (నేను జబ్బుగా ఉన్నాను కాబట్టి) లాంటి ఉపవాక్యంలో "ఉన్నాను" అన్న మాట మనలాగే చివరికి వస్తుంది.

## అంకీ

2006లో డేమియన్ ఎల్మ్స్ చేసిన ప్రోగ్రాం. ఆట లేదు, బొమ్మ లేదు, శభాష్ లేదు. మీరే కార్డులు రాసుకోవాలి. బాగా గుర్తున్న కార్డు వారాల తర్వాత వస్తుంది, మర్చిపోయింది వెంటనే వస్తుంది. మరుపు ఎలా జరుగుతుందో జర్మన్ శాస్త్రవేత్త ఎబింగ్‌హౌస్ 1885లోనే కొలిచి రాశాడు. ఈ పద్ధతి వెనకున్నది ఆ ఆలోచనే.

ఆండ్రాయిడ్‌లో దీని పేరు అంకీడ్రాయిడ్, పూర్తిగా ఉచితం. చూడటానికి అందంగా ఉండదు కాబట్టి మన పిల్లలు చాలామంది దీన్ని పట్టించుకోరు. కానీ తెలుగు నుంచి నేరుగా ఏ భాషైనా నేర్చుకోవడానికి అన్నిటికన్నా గట్టి మార్గం ఇదే. నర్సింగ్ చదివిన అమ్మాయి ముందువైపు "ఎప్పట్నుంచి తలనొప్పిగా ఉంది?" అని తెలుగులో రాసుకుని, వెనకవైపు జర్మన్ వాక్యం పెట్టుకోవాలి. కార్డు రాగానే ముందు గట్టిగా పైకి అనాలి, ఆ తర్వాతే తిప్పాలి. పైకి అనకుండా మనసులో అనుకుని తిప్పేస్తే ఇది కూడా గుర్తుపట్టే ఆటే అయిపోతుంది. రోజుకి పది కొత్త కార్డులు దాటొద్దు. నలభై యాభై పెట్టుకుంటే రెండో వారానికి వందలు పేరుకుపోతాయి, తెరవబుద్ధి కాదు.

## హలోటాక్, క్లాసు

హలోటాక్‌లో మీ భాష వాళ్ళకి, వాళ్ళ భాష మీకు. జర్మనీకి మనకి తేడా కాలాన్ని బట్టి మూడున్నర నుంచి నాలుగున్నర గంటలు, మన సాయంత్రం వాళ్ళకి మధ్యాహ్నం. జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. తెలుగు నేర్చుకునేవాళ్ళు తక్కువే కాబట్టి మనం సాధారణంగా ఇంగ్లీష్ సాధన ఇచ్చి పుచ్చుకోవాలి. ఆడపిల్లలకి గట్టిగా చెబుతున్నాను: మొదటి రోజే వాట్సాప్ నంబరు అడిగేవాళ్ళకి జవాబు ఇవ్వక్కర్లేదు. మాటలన్నీ యాప్ లోపలే ఉండనివ్వండి, ఊరు, కాలేజీ వివరాలు రాయకండి.

క్లాసు గురించి ఒక్క కొలత చెబుతాను. డెమో క్లాసుకి వెళ్ళి, గంటలో మాస్టారు ఎంతసేపు మాట్లాడాడు, విద్యార్థులు ఎంతసేపు మాట్లాడారు చూడండి. నలభై మందిని కూర్చోబెట్టి తనే చెప్పుకుపోయే చోట మీరు కడుతున్న డబ్బుకి వచ్చేది పాఠం ఒక్కటే, అది యూట్యూబ్‌లోనూ దొరుకుతుంది. పదిమంది ఉండి, ప్రతి ఒక్కరి చేతా వాక్యం అనిపించే చోటైతే ఫీజు కాస్త ఎక్కువైనా కట్టండి. ఏ యాప్‌లోనూ దొరకనిది అదే.

## మీరెవరు అన్నదాన్ని బట్టి

జర్మనీ వెళ్ళే నర్సులు. వీళ్ళ విషయంలో రాజీ పడకూడదు. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే బీ1, బీ2 స్థాయి అడుగుతారు, ఆ తర్వాత రోగితో రోజంతా మాట్లాడాలి. గేమ్ యాప్‌ని క్లాసు మొదలయ్యే ముందు రెండు నెలలు వాడండి. అప్పటికి అంకెలు, వారాలు, మామూలు పదాలు వచ్చేసి ఉంటాయి, మొదటి నెల ఫీజు వృథా కాదు. ఏ1 తర్వాత మాత్రం క్లాసు, అంకీ, బుసూ దిద్దుబాట్లు. పరీక్షకి హైదరాబాద్ గోథె సెంట్రమ్‌కో చెన్నై మాక్స్‌ముల్లర్ భవన్‌కో ప్రయాణం పెట్టుకోవాల్సి వస్తే, తయారవకుండా వెళ్ళి రావడం రైలు ఖర్చుతో సహా దండగ.

పెళ్ళయి జర్మనీ వెళ్ళేవాళ్ళు. భర్త లేదా భార్య దగ్గరికి వెళ్ళే వీసాకి మామూలుగా ఏ1 సర్టిఫికెట్ కావాలి. అక్కడున్నవాళ్ళది ఈయూ బ్లూ కార్డ్ (బాగా చదువుకున్న ఉద్యోగులకి ఇచ్చే నివాస అనుమతి) అయితే ఈ షరతు ఉండదు. క్లాసులో చేరే ముందు ముందుగా ఆ సంగతి కనుక్కోండి. ఏ1 కావాల్సినవాళ్ళకి చిన్న బ్యాచ్ క్లాసు, ఇంట్లో డ్యూలింగో, రెండూ కలిస్తే చక్కగా సరిపోతుంది. షరతు లేనివాళ్ళు కూడా అక్కడి బేకరీలో రొట్టె అడగడానికైనా నేర్చుకుంటే రోజులు తేలికవుతాయి.

జపాన్ ప్రాజెక్టు ఐటీవాళ్ళు. లిపికి డ్యూలింగో, వ్యాకరణానికి లింగోడీర్, కంజీకి (చైనా నుంచి వచ్చిన బొమ్మ అక్షరాలకి) అంకీ. ఎన్5, ఎన్4 దాకా సొంతంగా చదివి గట్టెక్కేవాళ్ళున్నారు, పరీక్ష జూలైలో, డిసెంబరులో ఉంటుంది. ఒక్క హెచ్చరిక: ఎన్4 సర్టిఫికెట్ చేతిలో ఉండి క్లయింట్ కాల్‌లో రెండు వాక్యాలు చెప్పలేని పరిస్థితి రావచ్చు, ఎందుకంటే పరీక్ష మాట్లాడించదు. వారానికి ఒక గంట మాట్లాడే ట్యూటర్‌ని పెట్టుకోండి.

డిగ్రీ అయ్యాక ఇంటర్వ్యూ ఇంగ్లీష్ కావాల్సినవాళ్ళు. చదివితే అర్థమవుతుంది, వింటే అర్థమవుతుంది, నోరే రాదు. వీళ్ళకి గుర్తుపట్టే ఆటలు ఇంకా ఎన్ని ఆడినా ఉన్నచోటే ఉంటారు. డబ్బు పెట్టకుండా చేయగలిగేది: ఇద్దరు స్నేహితులు రోజూ ఇరవై నిమిషాలు ఇంగ్లీష్‌లోనే నడుస్తూ మాట్లాడుకోవడం. బీచ్ రోడ్డు సాయంత్రం ఆరు తర్వాత వాహనాలు ఎక్కువ, పొద్దున్నే వెళ్ళండి. పొద్దున పూట ఆ రోడ్డు నడిచేవాళ్ళకే వదిలేస్తారు.

దుకాణదారులు, ఆటోవాళ్ళు, హిందీ అవసరమున్న ఎవరైనా. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష పరీక్షలు పాసైనవాళ్ళు మన ఊళ్ళో బోలెడుమంది, మాట్లాడమంటే వెనకాడతారు. వీళ్ళకి కొత్త యాప్ అక్కర్లేదు. కొనేవాళ్ళతో రోజూ వాడే ముప్పై వాక్యాలు రాసుకుని పైకి అనుకోవడమే మందు. ఒడియా, బెంగాలీ కావాలంటే కేంద్ర విద్యాశాఖ 2021లో తెచ్చిన భాషా సంగం యాప్ ఉంది. 22 భారతీయ భాషల్లో రోజువారీ వాక్యాలుంటాయి. భాష పూర్తిగా రాదు కానీ పలకరింపు, బేరం, దారి అడగడం వస్తాయి.

సరదాకి నేర్చుకునే పెద్దలు. రిటైరయ్యి స్పానిష్ మొదలుపెట్టినవాళ్ళకి పరీక్ష లేదు, గడువు లేదు. డ్యూలింగో హాయిగా ఆడుకోండి. పైన రాసిన విమర్శలేవీ మీకు వర్తించవు.

పిల్లలు. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకి నేను ముందు చెప్పేది గూగుల్ రీడ్ అలాంగ్. 2019లో బోలో పేరుతో హిందీ, ఇంగ్లీష్‌తో మొదలైంది, ఇప్పుడు తెలుగు కథలూ ఉన్నాయి. పిల్లాడు కథ పైకి చదువుతాడు, దియా అనే బొమ్మ వింటుంది, తడబడిన పదం మళ్ళీ పలికి చూపిస్తుంది. నక్షత్రాలు ఇందులోనూ ఉన్నాయి, కానీ అవి రావాలంటే నోరు తెరవాల్సిందే. కథలు దింపుకుంటే నెట్ లేకుండా కూడా నడుస్తుంది, అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ లేకపోయినా ఫరవాలేదు.

## డబ్బు కట్టే ముందు

ఏ యాప్‌కైనా నెల రోజులు ఉచితంగా వాడకుండా సంవత్సరం ప్లాన్ తీసుకోవద్దు. ఆ నెల చివర ఒక పరీక్ష పెట్టుకోండి: యాప్ మూసి, ఫోన్ రికార్డర్ ఆన్ చేసి, నిన్న ఏం చేశారో ఆ భాషలో ఒక నిమిషం చెప్పండి. మళ్ళీ నెలకి అలాగే చెప్పి రెండూ పక్కపక్కన వినండి. ముందుకి కదిలినట్టు వినిపిస్తే ఆ యాప్‌కి డబ్బు పెట్టొచ్చు. పాయింట్లు పెరిగి రికార్డింగు అలాగే ఉంటే ఆ డబ్బు ట్యూటర్‌కి ఇవ్వండి.

ఉచిత ట్రయల్ తీసుకునేటప్పుడు యూపీఐ ఆటోపే అడుగుతారు. ట్రయల్ ముగిసే తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన డబ్బు కోత ఆగదు. ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ల పేజీకి వెళ్ళి రద్దు చేస్తేనే ఆగుతుంది.